కారుకు చేత్తో వాక్స్: తిరుపతి ఎండలో, బోరు నీళ్లతో మూడు నెలల లెక్క

బండి 2015 మోడల్ స్విఫ్ట్, ముదురు నీలం. ఉండేది ఎం.ఆర్.పల్లిలో మా ఇంటి ముందు, వీధిలోనే. నెత్తిన షెడ్డు లేదు. పొద్దున తొమ్మిదింబావు దాకా మేడ నీడ, ఆ తర్వాత పొద్దు గూకేదాకా ఎండే. పాలిషింగ్ మెషిన్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. పెయింట్‌ను కాపాడే మైనం పూత, అదే వాక్స్, ఎవరైనా చేత్తో వేసుకోవాలనుకుంటే నా ఆదివారాలు పోయినట్టు వాళ్లవి పోకూడదని రాసి పెడుతున్నా. ఒప్పుల కంటే తప్పులే ఎక్కువ రాశా, పనికొచ్చేవి అవే.

దశ 0: పెయింట్ పరిస్థితి (ఫిబ్రవరి 9)

1. పలచటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి, కడిగిన బానెట్ మీద మెల్లగా జరిపి చూడాలి. ఉత్త చేతికి నున్నగా ఉన్న చోటు కూడా కవరులోంచి గరుకు కాగితంలా తగులుతుంది. నాకు బానెట్, పైకప్పు గరుకు. తలుపులు ఫర్వాలేదు.
2. చీకటి పడ్డాక సెల్ టార్చి వేసి చూడాలి. సాలెగూడు లాంటి సన్నగీతలు కనిపిస్తాయి. నా బండికి నిండా ఉన్నాయి. పాత బనీను గుడ్డతో పదేళ్లు తుడిచిన ఫలితం.
3. ఒక మగ్గు నీళ్లు పోయాలి. చుక్కలుగా విడిపోకుండా చాప పరిచినట్టు ఉండిపోతే మీద రక్షణ పొర ఏదీ లేదని లెక్క. నాకు చాపే.

ఒక మాట ముందే చెప్పాలి. రంగు మీద ఉండే పారదర్శకమైన పొర, అదే క్లియర్ కోట్, కంపెనీ వేసిన నాటికి సుమారు 40–50 మైక్రాన్లు. జిరాక్స్ కాగితం మందంలో సగం. అది పెచ్చులు లేచి తెల్లగా పాలిపోయిన బండికి వాక్స్ వేసి లాభం లేదు, పెయింటర్ దగ్గరికి పోవాల్సిందే. గీతలు పోవడానికి కూడా వాక్స్ మందు కాదు. వాటిలోకి దిగి కొన్నాళ్లు కనబడకుండా చేస్తుంది, అంతే.

దశ 1: కడగడం. మొదటి తప్పు ఇక్కడే

అదే రోజు పది గంటలకు బోరు నీళ్లు పట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగా. అప్పటికే ఎండ వచ్చేసింది. ఒక వైపు తుడిచేలోగా రెండో వైపు ఆరిపోయింది. ముదురు నీలం మీద తెల్లటి గుండ్రటి మరకలు, అప్పడం మీద పొక్కుల్లా. అంతకు ముందు బండే మేలు అనిపించింది.

నీళ్ల మీద అనుమానం వచ్చి, లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో చెప్పే టీడీఎస్ మీటర్ తెప్పించా. మా ఇంట్లో కొలతలివి:

బోరు: 860
కార్పొరేషన్ కుళాయి: 240
ఏసీ పైపులోంచి కారే నీళ్లు: 14

మూడో అంకె చూసి మీటరు పాడైందనుకుని రెండుసార్లు కడిగి మళ్లీ పెట్టా. పాడవలేదు. ఏసీ నీళ్లంటే గాలిలోని తేమ చల్లబడి కారేవే, వాటిలో ఉప్పు ఉండదు. బోరు నీళ్లు ఆరినప్పుడు నీరు పోతుంది, సున్నం మిగులుతుంది. ఆ రాత్రి నుంచి ఏసీ పైపు కింద బకెట్ పెట్టా. ఫిబ్రవరిలో రాత్రికి రెండు లీటర్లు కూడా పడలేదు, ఏప్రిల్‌లో ఐదు దాకా వచ్చాయి.

సున్నం మరకలకు వంటింటి వెనిగర్‌నే వాడా. వెనిగర్ ఒక పాలు, ఏసీ నీళ్లు ఒక పాలు. గుడ్డ తడిపి మరక మీద ఒక నిమిషం ఉంచి, వెంటనే కడిగేయాలి. బండి చల్లగా, నీడలో ఉండాలి. కొత్త మరకలన్నీ పోయాయి. పైకప్పు ముందు అంచున ఐదారు పాతవి మాత్రం పోలేదు. మరక పోయినా దాని గుంట మిగిలింది, గోరుతో గీస్తే తెలుస్తోంది.

మార్చుకున్నవి:

1. రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. తుడిచే గ్లవ్‌ను ఉత్త నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. కడగడం అయ్యాక ఉత్త నీళ్ల బకెట్ అడుగున చూస్తే ఇసుక కనిపిస్తుంది. అదంతా ఇన్నాళ్లూ బండి మీదే తిరిగింది.
2. పైనుంచి కిందికి. చక్రాల పక్క భాగాలు ఆఖరున.
3. కుళాయి నీళ్లతో కడిగి, ఆఖరి జాడింపు ఏసీ నీళ్లతో. స్ప్రే సీసాతో అయితే రెండు లీటర్లు సరిపోయాయి.
4. గిన్నెల లిక్విడ్ పక్కన పెట్టేయాలి. అది జిడ్డునే కాదు, ఉన్న వాక్స్‌నూ లాగేస్తుంది. వాక్స్ తీసేయాలనుకున్న రోజు పనికొస్తుంది.

ఇప్పటిదాకా: షాంపూ 350, బకెట్ 180 (ఒకటి ఇంట్లోదే), గ్లవ్ 220, మైక్రోఫైబర్ గుడ్డలు ఆరు 600, టీడీఎస్ మీటర్ 250, వెనిగర్ 60. మొత్తం ₹1,660. గంటలు 4.5.

దశ 2: క్లే (ఫిబ్రవరి 16)

కవరు పరీక్షలో గరుకు తగిలితే కడిగినంత మాత్రాన పోదు. బ్రేకుల నుంచి రాలిన ఇనప పొడి, తారు తుంపర, చెట్ల జిగురు పెయింట్‌కు అతుక్కుని ఉంటాయి. నెలకోసారైనా కొండకు పోయి వచ్చే బండి ఇది. దిగే ఘాట్‌లో అన్ని మలుపుల్లో బ్రేకు తొక్కితే ఆ పొడి ముందు చక్రాల వెనక తలుపుల కింది భాగాన్ని పట్టుకుంటుంది. దాన్ని తీసేది క్లే, చపాతీ పిండిలా మెత్తగా ఉండే ముద్ద.

1. వంద గ్రాముల కడ్డీని రెండు ముక్కలు చేయాలి. ఎందుకో కిందే తెలుస్తుంది.
2. లీటరు నీళ్లలో పది మిల్లీలీటర్ల షాంపూ కలిపి స్ప్రే చేయాలి. క్లే జారుతూ ఉండాలి, పట్టుకుందంటే నీళ్లు చాలలేదని.
3. అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటు తీసుకుని అటూ ఇటూ తేలిగ్గా జరపాలి, గుండ్రంగా వద్దు. మొదట గరగరమంటుంది, గొంతు సర్దుకున్నట్టు మెల్లగా ఆగిపోతుంది.
4. ముద్దను మడిచి కొత్త వైపు బయటికి తెచ్చుకోవాలి.

బానెట్ అయ్యేసరికి ముద్ద బూడిద రంగుకు తిరిగింది. పైకప్పు మధ్యలో ఉండగా చేతిలోంచి జారి వీధిలో పడింది. కడిగితే పోతుంది కదా అని ఆశ పుడుతుంది. వేలితో నొక్కి చూశా, ఇసుక రేణువులు లోపలికి దిగిపోయి ఉన్నాయి. చెత్తబుట్టలో వేసేశా. మిగిలిన సగంతో పని ముగించా. ఒకే ముక్కగా ఉంచుకుని ఉంటే ఇంకో 450 అయ్యేది.

మొత్తం ₹2,110. గంటలు 7.5.

దశ 3: ఏ వాక్స్

అంగట్లో అబ్బాయి డబ్బా చేతిలో పెట్టి, "అన్నా, ఇది నూటికి నూరు పాళ్లు కార్నుబా. మన ఎండకు కరిగేదే లే" అన్నాడు. రెండు మాటల్లోనూ కొంతే నిజం ఉంది.

కార్నుబా అనేది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీది మైనం. అక్కడి ఎండకు ఆకులోని నీరు ఆవిరైపోకుండా చెట్టే పూసుకునే పొర. ఆకులు కోసి, ఆరబెట్టి, దులిపితే పొడిగా రాలుతుంది. సుమారు 82–86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తేనెమైనం 62–64 దగ్గరే కరుగుతుంది. అంతవరకు నిజమే. అయితే శుద్ధమైన కార్నుబా రాయిలా గట్టిది, గోరు దిగదు. గుడ్డతో పూసేంత మెత్తగా ఉండాలంటే నూనెలు, ద్రావకాలు, ఇతర మైనాలు కలపాల్సిందే. డబ్బా మొత్తం కార్నుబా అయ్యే వీలే లేదు. నూటికి నూరు అంటే, మహా అయితే, అందులో వేసిన మైనం కార్నుబా ఒక్కటేనని.

కరగడం సంగతి తేల్చుకుందామని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొన్నా. మార్చి మొదటి వారం, మధ్యాహ్నం ఒకటిన్నర: బానెట్ 64 డిగ్రీలు, తలుపు 47. ఏప్రిల్ ఆఖరుకు బానెట్ 71. తలుపు మీద పని చేసిన వాక్స్ బానెట్ మీద ఎందుకు నిలవదో ఈ తేడాలోనే సగం ఉంది. మిగతా సగం అతినీలలోహిత కిరణాలు, దుమ్ము, మాటిమాటికీ కడగడం.

తెచ్చుకున్నవి మూడు:

కార్నుబా పేస్ట్, 200 గ్రాములు, 850. మెరుపు లోతుగా ఉంటుంది, వారాల లెక్కన నిలుస్తుంది.
సింథటిక్ సీలెంట్, ద్రవం, 250 మిల్లీలీటర్లు, 720. పాలిమర్ పొర. మెరుపు కాస్త గాజులా ఉంటుంది, నెలల లెక్కన నిలవాలి.
"వాక్స్ పాలిష్" అని రాసి ఉన్న సీసా, 240. వాసన, పట్టుకుంటే తగిలే సన్నటి పలుకును బట్టి చూస్తే ఇందులో రుద్దే పొడి కూడా ఉంది. కొత్త బండికి వద్దు.

వీటితో పాటు థర్మామీటర్ 900, ఫోమ్ ప్యాడ్లు నాలుగు 160, మాస్కింగ్ టేప్ 50. మొత్తం ₹5,030.

దశ 4: చేయకూడనిది (మార్చి 2)

ఎనిమిదిన్నరకు మొదలుపెట్టా. కార్నుబా పేస్ట్‌ను దోశ మీద వెన్న పూసినట్టు మందంగా, ఒకేసారి పైకప్పు, బానెట్, రెండు ఫెండర్లకు (ముందు చక్రాల పైని రేకులు) పూశా. అంతలో చిత్తూరు నుంచి మామయ్య వాళ్లు వచ్చారు. కాఫీ, పలకరింపులు. బయటికొచ్చేసరికి తొమ్మిది నలభై. బానెట్ 49 డిగ్రీలు. వాక్స్ గోడకు కొట్టిన సున్నంలా బిగిసిపోయింది. గుడ్డతో రుద్దితే గుడ్డ జారుతోంది, వాక్స్ కదలడం లేదు.

గంటసేపు బలం పెట్టి రుద్దాక తట్టింది. ఎండిన వాక్స్ మీద అదే వాక్స్ పలచగా మళ్లీ పూస్తే, కొత్త దాంట్లోని ద్రావకం పాతదాన్ని మెత్తబరుస్తుంది. అరచేయంత చోట పూయడం, ఆరనివ్వకుండా వెంటనే తుడవడం. అట్లా బానెట్ తేరింది. పూయడానికి పట్టింది నలభై నిమిషాలు, తీయడానికి మూడు గంటల యాభై.

ఇంకో నష్టం నల్ల ప్లాస్టిక్ బీడింగ్‌ల మీద. వాక్స్ తగిలిన చోటల్లా తెల్లగా ఆరింది, తడి గుడ్డకు పోలేదు. మా పాప పెన్సిల్ రబ్బరు పని చేసింది. మొత్తం రబ్బరు అయిపోయింది, ఆ బాకీ ఇంకా తీర్చలేదు.

డబ్బాను వంటింటి కాటా మీద పెట్టి చూస్తే 58 గ్రాములు ఖర్చు. సగం బండికి! మిగిలింది 142.

మొత్తం ₹5,030. గంటలు 12.

దశ 5: రెండోసారి (మార్చి 9)

ముందు పాతదంతా తీసేయాలి. పక్కన పెట్టిన గిన్నెల లిక్విడ్ ఇక్కడ వాడా. బానెట్ వరకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే ఏసీ నీళ్లు కలిపి తుడిచా. ఇంతలో ఇంకో పొరపాటు బయటపడింది. మైక్రోఫైబర్ గుడ్డలు మూడింటిని ఇంట్లో బట్టలతో పాటు మెషిన్‌లో వేసి, చివర వాసన కోసం పోసే కండిషనర్ కూడా పోశాం. ఆ గుడ్డలు నీళ్లు పీల్చడం మానేశాయి, చారలు పెడుతున్నాయి, పక్క బట్టల నూలు పట్టుకుని ఉన్నాయి. అవి చక్రాలకు పోయాయి, కొత్తవి మూడు కొన్నా.

పొద్దున ఐదున్నరకు మొదలు. బానెట్ 24 డిగ్రీలు. నేను పెట్టుకున్న గీత 30: అంకె 30 దాటితే డబ్బా మూత పెట్టేయడమే.

1. నల్ల ప్లాస్టిక్‌లన్నిటికీ మాస్కింగ్ టేప్. పన్నెండు నిమిషాలు. విసుగే, కానీ రబ్బరుతో తోమడం కన్నా నయం.
2. ఫోమ్ ప్యాడ్‌ను ఏసీ నీళ్లతో కాస్త తడిపి పిండేయాలి. పొడి ప్యాడ్ వాక్స్ తాగేస్తుంది.
3. ప్యాడ్‌ను డబ్బాలో అర చుట్టు తిప్పితే చాలు. ఒక తలుపుకు అదే ఎక్కువ.
4. ఒక్కో తలుపు, ఒక్కో ఫెండర్ విడిగా. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. పూసిన చోటు కనీకనబడకుండా మసకగా ఉండాలి, తెల్లగా కాదు.
5. వేలి పరీక్ష: వేలితో గీస్తే కింద రంగు శుభ్రంగా కనిపిస్తే తుడవొచ్చు. పులుముకుంటే ఆగాలి. ఆ చల్లదనానికి కార్నుబాకు ఆరేడు నిమిషాలు, సీలెంట్‌కు ఇరవై పట్టింది.
6. ఒక గుడ్డతో బరువు పెట్టకుండా తీసేయాలి, ఇంకో శుభ్రమైన గుడ్డతో మెరుగు పెట్టాలి. గుడ్డను నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి.

బానెట్ తప్ప మిగతా బండి మొత్తానికి కార్నుబా 16 గ్రాములు. పోయిన వారం సగం బండికి 58! డబ్బాలో 126.

ఆరున్నరకు ఎదురింటి పెద్దమ్మ కళ్లాపి చల్లడానికి బయటికొచ్చింది. "ఏం నాయనా, తెల్లారకముందే కారును తోముతా ఉండావే, పెండ్లికొడుకును చేస్తా ఉండావా?" అంటూనే బకెట్ ఎత్తింది. నేను నోరు తెరిచేలోగా పేడ నీళ్లు కుడి తలుపు మీద చిందాయి. పూసి ఆరుతున్న వాక్స్ మీద పచ్చటి చుక్కలు. ఆ తలుపు కడిగి మళ్లీ మొదటి నుంచి. తప్పు ఆమెది కాదు, ఆమె కళ్లాపి చల్లే వేళ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే. తర్వాతి వారాల్లో కుడి వైపు ముందు ముగించా.

గుడ్డలు 300, ఆల్కహాల్ 200. మొత్తం ₹5,530. గంటలు 15.

దశ 6: బానెట్ మీద నాలుగు పట్టీలు

ఏది ఎన్నాళ్లు నిలుస్తుందో డబ్బా మీద చదివి తేలేది కాదు. అందుకే అదే రోజు బానెట్‌ను టేపుతో నాలుగు పట్టీలు చేశా. ఎడమ నుంచి: కార్నుబా, సీలెంట్, పాలిష్, ఏమీ లేనిది. సీలెంట్ పూశాక పన్నెండు గంటలు నీళ్లు తగలనివ్వలేదు. పరీక్ష ఏమిటంటే, ఒక్కో పట్టీ మీద ఒక మగ్గు ఏసీ నీళ్లు పోసి, నీళ్లు జారిపోయి చోటు దాదాపు ఖాళీ అయ్యేదాకా సెల్‌లో సెకన్లు లెక్కపెట్టడం. అరవై దాటితే ఆపేసి, పొర లేదని రాయడం.

1వ వారం (మార్చి 16): కార్నుబా 9, సీలెంట్ 7, పాలిష్ 11, ఉత్తది 60 పైన.
3వ వారం (మార్చి 30, పొద్దునే): 14, 8, 38, 60 పైన.

ఆ రోజే ఉగాది. పచ్చడి తిని కాణిపాకం పోయాం. బండికి పూజ చేయించాలని అమ్మ పట్టు. పూజారి బానెట్ నడుమ పసుపుతో స్వస్తిక్ వేసి, రెండు పక్కలా బొట్లు పెట్టారు. నేను లెక్క వేసుకుని చేసినా అంత చక్కగా కుదిరేది కాదు, నాలుగు పట్టీల మీదా పసుపు పడింది. ఇంటికొచ్చి తుడవబోతే అమ్మ, "గుడికాడ పెట్టిన బొట్టు అప్పుడే తుడిచేస్తావా? రేపటిదాకా ఉండనీ" అంది. ఉండనిచ్చా.

మర్నాడు ముందు నీళ్లు పోసి జార్చా. పసుపూ కుంకుమా పొడులు, పొడిగా తుడిస్తే గీతలే. సీలెంట్ పట్టీ మీద జాడ లేదు. కార్నుబా మీద కనబడీ కనబడనంత. పాలిష్ మీద, ఉత్త పట్టీ మీద పచ్చటి నీడ అట్లే ఉండిపోయింది, షాంపూకు కూడా లొంగలేదు. రుద్దబోయి ఆగా. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ వెలుతురుకు నిలవదు, పసుపంటిన తెల్లచొక్కా ఎండలో ఆరేస్తే మరక పోయేది అందుకే. బండి ఎటూ ఎండలోనే ఉంటుంది కదా. నాలుగో రోజుకు నీడ పోయింది.

4వ వారం (ఏప్రిల్ 6): 41, 36, 60 పైన, 60 పైన. సీలెంట్ కూడా చచ్చిపోయిందని డైరీలో రాసేశా. 720 దండగ అని కూడా రాశా. మధ్యాహ్నం అనుమానం వచ్చింది. వారంగా బండి కడగలేదు, రోడ్డు తవ్విన దుమ్ము మీద పోసి చూశా. సాయంత్రం షాంపూతో కడిగి మళ్లీ కొలిస్తే: 20, 9, 60 పైన, 60 పైన. పొర పోలేదు, దుమ్ము కింద ఉంది. అప్పట్నుంచి కడిగాకే కొలత. నీళ్ల చుక్కలు విడివడటం లేదని మీ బండికి వెంటనే మళ్లీ వాక్స్ పూయకండి, ముందు కడిగి చూడండి.

5వ వారం (ఏప్రిల్ 13): 27, 10. మిగతా రెండూ కొలవడం మానేశా.
7వ వారం (ఏప్రిల్ 27): 45, 13.
9వ వారం (మే 11): 60 పైన, 19.

మధ్యలో ఒక దెబ్బ. ఏప్రిల్ 22న కార్నుబా పట్టీ మీద కాకి రెట్ట. పెళ్లికి పోయి ఉన్నాం, రెండు రోజులు అట్లే ఎండింది. తీశాక రూపాయి బిళ్లంత మసక మచ్చ. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడి వ్యాకోచిస్తుంది, సాయంత్రం చల్లబడి బిగుసుకునేటప్పుడు ఎండిన రెట్ట ఆకారం చుట్టూ బిగుస్తుంది. రెట్టలోని ఆమ్లం సరేసరి. వాక్స్ ఉంటే తుడవడానికి కొన్ని గంటలు గడువు దొరుకుతుంది, రెండు రోజులు కాదు. ఇప్పుడు డోర్ పాకెట్‌లో ఏసీ నీళ్ల స్ప్రే సీసా, ఒక గుడ్డ ఉంటాయి.

తలుపుల మీది కార్నుబా మాత్రం తొమ్మిదో వారంలోనూ చుక్కలు విడదీస్తోంది. నిలువు చోటు కాబట్టి సెకన్లు కొలవలేదు, కంటికి కనిపించిందే రాస్తున్నా. 47 డిగ్రీలకూ 71కీ తేడా.

మొత్తం ₹5,530. గంటలు 22.

దశ 7: ఇప్పుడున్న ఏర్పాటు (మే 18)

పైకప్పు, బానెట్, డిక్కీ: సీలెంట్, ఎనిమిది వారాలకోసారి. తలుపులు, ఫెండర్లు: కార్నుబా, డబ్బా అయిపోయేదాకా. అయిపోతే మళ్లీ కొనను, మొత్తం సీలెంటే. మెరుపులో తేడా ఉందని నా కంటికి అనిపిస్తుంది. మా ఆవిడకు చూపిస్తే రెండు వైపులా ఒకటే అంది. పాలిష్ సీసా తమ్ముడి పాత బైకుకు ఇచ్చేశా.

రెండూ కలిపి పట్టిన సమయం రెండున్నర గంటలు, ఐదుంబావుకు మొదలుపెట్టి. మే నెలలో ఏడు దాటితే బానెట్ నీడలోనే 31 చూపిస్తోంది. సీలెంట్ 30 మిల్లీలీటర్లు పట్టింది. కార్నుబా 9 గ్రాములు, పట్టీకి వాడిన ఒక గ్రాముతో కలిపి చూస్తే డబ్బాలో మిగిలింది 116.

మొత్తం ₹5,530. గంటలు 24.5.

పైకప్పు ముందు అంచున సున్నం గుంటలు ఐదు అట్లే ఉన్నాయి. వాటికి చేత్తో రుద్ది పై పొరను కాస్త అరగదీసే కాంపౌండ్ ఒకటి అడిగి పెట్టా, ముందు డిక్కీ మూలన చిన్న చోట చూసి ఆ తర్వాతే పైకప్పు ముట్టుకుంటా. ఎదురింటి పెద్దమ్మ తన కొడుకు స్కూటీకి కూడా వాక్స్ పెట్టమంది. మైలేజీ పెరుగుతుందా అని అడిగింది, పెరగదని చెప్పా. "అయినా పెట్టు నాయనా" అంది. వచ్చే ఆదివారం, కళ్లాపి అయ్యాక.